బరంపురం కాలవ గట్ల మీద సైకిల్: నీళ్ళు పోయే వైపే మీరూ వెళ్ళండి

మీరడిగింది ఇదీ: జనవరిలో వైజాగ్ నుంచి ఇద్దరు వచ్చి రెండు రోజులు ఒడిశా గంజాం జిల్లాలో రుషికుల్య నది కాలవ గట్ల మీద, చెరువుల పక్కన గ్రావెల్ రైడ్ (మట్టి, కంకర దారుల్లో సైకిల్ సవారీ) చేద్దామనుకుంటున్నారు, మ్యాప్‌లో గట్లన్నీ కలిసే ఉన్నట్టున్నాయి, నిజంగా కలుస్తాయా, 35 మిల్లీమీటర్ల వెడల్పు టైర్ల హైబ్రిడ్ సైకిల్ సరిపోతుందా, ఒడియా రాకపోతే కష్టమా అని. నేను పుట్టి పెరిగింది బరంపురంలోనే, ఆరేళ్ళుగా ఆదివారం వస్తే ఈ గట్ల మీదే తిరుగుడు, కాబట్టి నాకు తెలిసింది చెప్తా.

మ్యాప్ సంగతి ముందు చెప్తా. కలవవండీ. శాటిలైట్‌లో గీత కనబడిందని రోడ్డు అనుకోకండి. పెద్ద కాలవ గట్టు మీద జీపు పోయేంత దారి ఉంటుంది, ఎర్ర గ్రావెల్ పోసుంటుంది, హాయిగా పోతారు, అది పిల్లకాలవలోకి తిరిగాక ట్రాక్టర్ దారి అవుతుంది, ఇంకో రెండు మదుములు (నీళ్ళు వదిలే తూములు) దాటాక మడి గట్టయిపోతుంది, చివరికి సైకిల్ భుజాన వేసుకుని ఎవరి పెసర చేలోనో నిలబడి ఉంటారు. మొదటి ఏడాదంతా నాకిదే పని. సముద్రం వైపు నుంచి, అంటే కాలవ చివరి నుంచి మొదలెట్టి పైకి వెళ్దామని చూసేవాణ్ణి, పొద్దున్న ఒళ్ళు తాజాగా ఉన్నప్పుడంతా మడి గట్ల మీద దిగడం ఎక్కడం, మంచి దారి తగిలేసరికి ఎండ, పైగా తిరిగొచ్చేటప్పుడు పదకొండు దాటితే సముద్రం గాలి మొహం మీద కొడుతుంది. ఇప్పుడు పద్ధతి మార్చేశా: బస్సులో పైకి పోయి నీళ్ళతో పాటే కిందికి దిగుతా, కాలవ చిన్నదవుతోంది అనిపించగానే కాంక్రీట్ వంతెన దగ్గర గట్టు వదిలేసి తారు రోడ్డు పట్టుకుంటా. ఈ ఒక్కటీ పాటిస్తే సగం కష్టం తగ్గుతుంది.

మొదలెట్టడానికి నా లెక్కలో భంజనగర్ మంచిది. పాత పేరు రస్సెల్‌కొండ, దొర పేరుకి మన కొండ తగిలించారు, 1936 దాకా గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది మరి. 1866 కరువులో ఈ జిల్లాలో జనం ఎంత చచ్చారో మా తాతమ్మ వాళ్ళ అమ్మ చెప్పేదట, ఆ తర్వాతే ఈ భంజనగర్ చెరువు, సొరొడా చెరువు, రుషికుల్య కాలవలు వచ్చాయి. చెరువంటే మన ఊరి చెరువు అనుకోకండి, రిజర్వాయరే, మట్టి కట్ట మీద నిలబడితే అటు కొండలు, ఇటు కింద కాలవ వంకర్లు తిరుగుతూ పోవడం కనిపిస్తుంది. ఆ వంకర్లకి కారణం ఉంది, నీళ్ళు వాటంతటవే దొర్లాలంటే కాలవ నేల ఎత్తుని బట్టే పోవాలి, మిట్ట వస్తే చుట్టి పోతుంది. అందుకే గట్టు మీద ఎక్కుడు అనేదే ఉండదు, కానీ రోడ్డున పది కిలోమీటర్లున్న ఊరు గట్టు మీద పద్నాలుగు పదిహేను అవుతుంది. దూరం లెక్క అలా వేసుకోండి. స్పీడు కూడా, రోడ్డు మీద గంటకి 22 కిలోమీటర్లు పోయేవాణ్ణి నేను గట్టు మీద 13, 14 దాటను.

మొదటి రోజు ఆస్కా మీదుగా పురుషోత్తంపూర్ దాకా, నాకు 70 కిలోమీటర్ల పైన పడింది. ఆస్కాలో బొడొనది వచ్చి రుషికుల్యలో కలుస్తుంది, అక్కడ బ్రిడ్జి పక్కన బరా (గారె), ఘుగుని (బఠాణీల కూర) తినేసి కదలండి, ఆ తర్వాత చాలాసేపు గట్టు మీద కొట్టు అనేదే ఉండదు. రాత్రికి తారాతారిణి అమ్మవారి కొండ దగ్గర గదులు దొరుకుతాయి. చైత్రంలో మంగళవారాలు మాత్రం అటు రావద్దు, జాతర, సైకిల్ నడిపించుకోడానికి కూడా చోటుండదు, జనవరి అంటున్నారు కాబట్టి మీకు బెంగ లేదు. పురుషోత్తంపూర్ దగ్గర జౌగడలో అశోకుడి శాసనం ఉంది, ఒక అరగంట పెట్టుకోండి. కళింగ యుద్ధం గురించి చెప్పే 13వ శాసనం కళింగలో ఉన్న ఈ రాతి మీద చెక్కించలేదు, దాని బదులు వేరే రెండు శాసనాలు చెక్కించాడు, ఓడినోళ్ళ ఊళ్ళో ఆ ముక్క ఎందుకులే అనుకున్నాడేమో, ఇది నా ఊహే.

రెండో రోజు గంజాం ఊరు దాకా దిగితే రుషికుల్య దాటడానికి హైవే బ్రిడ్జి తప్పదు, 16వ నంబర్ జాతీయ రహదారి, లారీలు రయ్‌మని పోతాయి, ఎడమ అంచు పట్టుకుని ఒకళ్ళ వెనక ఒకళ్ళు దాటేయండి. ఓపిక ఉంటే దాటకముందే పాలూరు కాలవ వైపు ఒక గంట తిరిగి రండి, చిలికా దక్షిణం కొస నుంచి రుషికుల్య మొగ (సముద్రంలో కలిసే చోటు) దాకా సుమారు 18 కిలోమీటర్లు, ఉప్పు గాలి, పక్కన మొగలి పొదలు. మొగలి ఆకుకి అంచునే కాకుండా మధ్య ఈనెకి కూడా ముళ్ళుంటాయి, నిక్కరుతో దూరితే పిక్కలు గీరుకుపోతాయి, నా కుడికాలు చూస్తే తెలుస్తుంది. తర్వాత ఛత్రపూర్ దగ్గర తంపరా సరస్సు, మంచి నీళ్ళది, 2021లో ముఖ్యమైన చిత్తడి నేలల అంతర్జాతీయ జాబితా, రామ్‌సర్ జాబితాలోకి ఎక్కింది, అక్కడ చెట్టు కింద నడుం వాల్చి గోపాల్‌పూర్ మీదుగా సాయంత్రానికి బరంపురం.

భాష గురించి భయం వద్దు. పైన ఊళ్ళలో అంతా ఒడియానే, ‘బాటొ కుఆడె’ అంటే దారి ఎటు అని, అదొక్కటి వస్తే మిగతాది చేతులతో అయిపోతుంది, సముద్రం దగ్గరికొచ్చేసరికి నోలియాల (చేపలు పట్టేవాళ్ళ) ఊళ్ళలో మళ్ళీ మన తెలుగే. పొడంపేట వైపు ఒకసారి సైకిల్ ఆపి గాలి కొట్టుకుంటుంటే వల బాగుచేసుకుంటున్న పెద్దాయన, “ఏటి నాయనా, బండి కొనుక్కోడానికి డబ్బుల్లేవా?” అన్నాడు. లక్షకి దగ్గర్లో ఉందని చెప్పడానికి నోరు రాలేదు.

ఇక సైకిల్. జనవరికి 35 చాలు, 40 ఉంటే ఇంకా సుఖం. నేను 74 కిలోలు, 40 టైర్లో ముందు 35, వెనక 40 పీఎస్‌ఐ గాలి పెడతా, మీ 35 టైర్లకి ఇంకో ఐదారు ఎక్కువ పెట్టుకోండి, రాయి తగిలితే ట్యూబు నొక్కుకుపోకుండా. సర్కారు తుమ్మ ముళ్ళు మాత్రం ఏ టైరునీ వదలవు, టైర్లో సీలెంట్ (చిల్లు పడితే తనే మూసుకునే ద్రవం) లేకపోతే మనిషికి రెండు ట్యూబులు, ప్యాచ్‌లు. అసలు గొడవ బురద. రెండేళ్ళ కింద అక్టోబర్లో వాన పడి ఒక్క రోజే అయింది, పైన ఆరిపోయినట్టే కనబడింది, దిగా. యాభై గజాలు పోయానో లేదో నల్లమట్టి టైరుకీ ఫోర్కుకీ మధ్య సిమెంటులా పట్టేసి చక్రం తిరగడం మానేసింది. తాటాకు మట్ట ముక్కతో గీకడం, పది అడుగులు తొయ్యడం, మళ్ళీ గీకడం, ముందు గండి పడి ఉంది, అది దాటలేక వచ్చిన దారినే వెనక్కి, మూడు కిలోమీటర్లకి రెండు గంటలు. అప్పట్నించి వాన వెలిశాక మూడు రోజులు ఎండ కాస్తే తప్ప గట్టెక్కను. మే నెలలో ఇంకో బాధ, పూడిక తీసి ఆ మట్టి గట్టు మీదే పోస్తారు, చక్రం ఇసకలో దిగినట్టు దిగిపోతుంది. మీ జనవరే మేలు.

కాకపోతే కోతలయ్యాక గట్ల మీద, ఊరి రోడ్ల మీద ధాన్యం ఆరబోస్తారు, గడ్డి పరుస్తారు. ధాన్యం ఉంటే దిగి నడిపించండి, వాళ్ళ తిండి అది. గడ్డి మీద నుంచి పోతే పరకలు డెరైల్యూర్ (వెనక గేర్లు మార్చే భాగం) చిన్న చక్రాల్లో చుట్టుకుంటాయి, అది చూసుకోకుండా గట్టిగా తొక్కితే దాన్ని ఫ్రేముకి పట్టి ఉంచే హ్యాంగర్ వంగుతుంది. హ్యాంగర్ అంటే గుర్తొచ్చింది, బస్సు టాప్ మీద వేసేటప్పుడు వెనక చక్రం ఊడదీసి డెరైల్యూర్‌కి గుడ్డ చుట్టండి. నాది ఒకసారి ఉల్లిపాయల బస్తాల కింద పెట్టేశారు, భంజనగర్‌లో దింపేసరికి వంకర, రోజంతా ఒకే గేరులో తొక్కా. స్పేర్ హ్యాంగర్ మీ సైకిల్‌కి సరిపడేది వైజాగ్‌లోనే కొనుక్కు రండి, ఇక్కడ దొరకదు.

చెరువుల దగ్గర ఒక్క మాట. ఒడిశా ఊళ్ళలో చెరువు మధ్యలో చిన్న మండపం ఉంటుంది, వైశాఖంలో చందన యాత్రకి దేవుణ్ణి పడవలో అక్కడికి తీసుకెళ్తారు, చూడ్డానికి బాగుంటుంది, ఫోటో తియ్యాలనిపిస్తుంది. కానీ పొద్దున్న ఏడు నుంచి తొమ్మిది దాకా ఆ మెట్ల మీద ఆడవాళ్ళు స్నానాలు చేస్తుంటారు. మలుపుకి ముందే బెల్ కొట్టండి, తల తిప్పకుండా పోండి, ఫోన్ జేబులోంచి తియ్యొద్దు. ఫోటో కావాలంటే మధ్యాహ్నం రెండింటికి, మెట్ల మీద మేకలు తప్ప ఎవరూ ఉండరు.