మేము అంటే ఎవరు?

రాజమండ్రి

అమ్మాయీ,

నువ్వు పంపిన 'ఒసాకాలో మా తొలి నాలుగు రోజులు' పన్నెండు పేజీలూ చదివాను. మొదటిసారి ఆరో పేజీ దగ్గర విసుగొచ్చి పక్కన పడేశాను. మధ్యాహ్నం నిద్ర పట్టక మళ్ళీ తీస్తే తొమ్మిదో పేజీలో ఒక ముక్క కనపడింది. ఈ ఉత్తరం దానికోసమే.

ముందు విసుగు సంగతి. కోట పైకెక్కి "నాలుగు వందల ఏళ్ళనాటి గోడను తాకి మేము పులకించిపోయాం" అని రాశావు. ఎనిమిదో అంతస్తులో నువ్వు తాకింది కాంక్రీటు తల్లీ. ఇప్పుడున్న బురుజు 1931లో కట్టింది. ఐదో అంతస్తు దాకా లిఫ్టులో వెళ్ళుంటారు, అప్పుడైనా అనుమానం రాలేదా? జపానును ఏలిన సేనాని హిదెయోషి 1583లో మొదలుపెట్టిన కోట యుద్ధంలో పోయింది. తర్వాత అధికారంలోకొచ్చిన తోకుగావా వంశంవాళ్ళు లేపిన బురుజు 1665లో పిడుగు పడి కాలిపోయింది. నిజంగా నాలుగు వందల ఏళ్ళవి కావాలంటే కందకం చుట్టూ పేర్చిన బండరాళ్ళున్నాయి. వాటి పక్కనుంచే లోపలికి నడిచావు, ఒక్క మాట రాయలేదు. ఆ పులకింత ఎవరి దగ్గరో అప్పు తెచ్చుకున్నది.

ఎస్కలేటర్ ముక్క బాగుంది. టోక్యోలో ఒక రోజు ఉండి ఎడమవైపు నిలబడటం అలవాటు చేసుకొచ్చి, ఒసాకాలో అందరూ కుడివైపు నిలబడితే మీ ఆయన ఒక్కరే ఎడమవైపు అడ్డంగా నిలబడ్డారనీ, వెనకాల వాళ్ళు ఏమీ అనకుండా ఆగిపోయారనీ. సరే.

ఇక తొమ్మిదో పేజీ. "ఉడాన్ నూడుల్స్ చారులో చేప ఉంటుందని తిన్నాక తెలిసింది. ఆయన రాత్రి దాకా మాట్లాడలేదు." ఫుల్‌స్టాప్. కింద పేరాలో "మర్నాడు మేము షిన్సాయిబాషిలో షాపింగ్ చేశాం"!

ఏం పనమ్మా ఇది? ఎండబెట్టిన చేప తురుము, సముద్రపు నాచు వేసి కాచిన 'దాషి' లేకుండా ఆ దేశంలో చారు దొరకడం కష్టం. ముక్క కనపడదు, వాసన కూడా మనకి చేపలా అనిపించదు. పుట్టి బుద్ధెరిగాక ముట్టని మనిషి గిన్నె ఎత్తి చివరి చుక్క దాకా తాగాడు. "తెలిసింది" అని రాశావు. ఎవరికి? నీకు ముందే తెలుసేమోనని నా అనుమానం. ఆకలి మీదున్నాడు, చెబితే మళ్ళీ గంటసేపు హోటళ్ళ వేట, పోనీలే అనుకున్నావేమో. తప్పని అనడం లేదు. అది రాయమంటున్నాను.

నీ పన్నెండు పేజీల్లో 'మేము' అన్న మాట అరవై మూడుసార్లు ఉంది, పెన్సిల్‌తో లెక్కపెట్టాను. మేము చూశాం, మేము ఆశ్చర్యపోయాం, మేము తిన్నాం. ఇద్దరు మనుషులు ఒకే కళ్ళతో ఒక ఊరిని చూడరు. ఆయన ఏం చూశాడో నీకు తెలీదు. నువ్వేం చూశావో 'మేము' వెనకాల దాచేశావు. మన భాషలో మేము వేరు, మనం వేరు. ఇంగ్లీషువాళ్ళకి ఆ సౌకర్యం లేదు, జపాను వాళ్ళకీ లేదు. ఉన్న మనమేమో వాడుకోం. మేము అంటే పాఠకుడికి తలుపు వేసేయడం. యాత్రా రచనల్లో ఆ మాట నిషేధించాలని ముప్ఫై ఏళ్ళుగా చెబుతున్నాను, ఎవరూ వినరు.

మా అబ్బాయి అక్కడ పనిచేసేటప్పుడు నేనూ మా ఆయనా ఆ ఊరు వెళ్ళాం. రెండో రోజే ఉమెదాలో తప్పిపోయాం. ఉమెదా ఒక స్టేషను, హిగాషి ఉమెదా ఇంకోటి, నిషి ఉమెదా మరోటి. తూర్పు, పడమర అన్నమాట. కింద అంతా దుకాణాల సొరంగాలు, అక్కడివాళ్ళే దాన్ని 'డంజన్', అంటే చిక్కుదారుల నేలమాళిగ అని వెక్కిరిస్తారు. ఇద్దరికీ కలిపి ఒకటే ఫోను, అది నా సంచిలో. ఆయన తూర్పు స్టేషనులో, నేను అసలు స్టేషనులో, గంటన్నర. దొరికాక "ఎక్కడికి పోయావ్" అంటాడనుకున్నాను. "మంచినీళ్ళున్నాయా" అన్నాడు. తాగాడు. ఇప్పటికీ తను నిలబడ్డదే సరైన చోటంటాడు.

అదంతా రాసి ఒక వారపత్రికకి పంపాను. సంపాదకుడు ఆ రెండు పేజీలూ కొట్టేసి, వీసాకి ఏ కాగితాలు కావాలో, టికెట్టు ఎంతో బాక్సు కట్టి వేశాడు. "మొగుడూ పెళ్ళాల గోల పాఠకులకెందుకండీ" అన్నాడు ఫోనులో. అప్పటికి నావి ఇరవై కథలు అచ్చయ్యాయి, అయినా నోరెత్తలేదు. ఇప్పుడు ఆ బాక్సులే రీల్స్ అయ్యాయి, పది చోట్లు, పదిహేను సెకన్లు. నీ మూడో పేజీ అచ్చం అలాగే ఉంది.

రైలు టికెట్టుకి బదులు వాడే ఇకోకా కార్డు గురించి అయిదు వాక్యాలు రాశావు. 500 యెన్‌లు డిపాజిట్ అన్నావు. 'ఇకోకా' అంటే ఒసాకా యాసలో "వెళ్దామా" అని అర్థం. మాట్లాడని మనిషి పక్కన నడుస్తూ, గేటు దగ్గర ఆ కార్డు ఆనించి లోపలికి వెళ్ళావు. అయిదు వాక్యాల్లో ఇది పట్టలేదా?

పుస్తకం ఎవరు వేస్తారు, ముందుమాట రాస్తారా అని అడిగావు. ఆ సంగతి తర్వాత.

"రాత్రి దాకా" అన్నావు. రాత్రి ఏమైంది? తొమ్మిదో పేజీ ఒక్కటే తిరగరాసి పంపు. మిగతావి నా దగ్గరే ఉంచుకుంటాను. కోట ఉన్న పేజీ మీద ఎలాగూ కాఫీ ఒలికింది.

ఆశీస్సులతో,
పెద్దమ్మ