మాయలు తర్వాత, ముందు చుట్టరికాలు

అమ్మాయీ,

ఫోన్లో నువ్వు గబగబా చెప్పినదాంట్లో నాకు అర్థమైంది ఇంతే. మూడు భాగాల ఫాంటసీ నవల, రైట్స్ తీసుకున్నారు, సీరియల్ మొదటి సీజన్‌కి వన్‌లైన్ ఆర్డర్, అంటే సీనుకో వాక్యం చొప్పున వరస, నిన్ను రాయమన్నారు, నీకేమో నిద్ర పట్టడం లేదు. టెన్షన్ పడాల్సిన పనే, కాదనను. కానీ నీ భయమంతా డ్రాగన్‌ని ఎలా చూపిస్తారన్న దాని మీదే ఉంది. అది గ్రాఫిక్స్ వాళ్ల తలనొప్పి. నీ తలనొప్పి వేరే ఉంది.

'గేమ్ ఆఫ్ థ్రోన్స్' మొత్తం రెండుసార్లు చూశానన్నావు కదా. వాళ్లు మొట్టమొదట తీసిన ఎపిసోడ్ నువ్వు చూడలేదు, ఎవరికీ ప్రసారం చేయలేదు. 2009లో ఉత్తర ఐర్లండ్, స్కాట్లాండ్, మొరాకో తిరిగి ఒక పైలట్, అంటే మచ్చు ఎపిసోడ్, తీశారు. కోటలు, గుర్రాలు, కాస్ట్యూములు, దేనికీ లోటు లేదు. తీరా తోటి రచయితలను కూర్చోబెట్టి వేసి చూపిస్తే, రాణి సెర్సీ, ఆమెతో చాటుగా కలిసే జైమీ తోబుట్టువులన్న సంగతే వాళ్లకు తెలియలేదు. ఆ ఎపిసోడ్ చివర పిల్లవాడు కిటికీలోంచి చూసేది రాణి తన తోడబుట్టినవాడితో ఉండటాన్ని. ఆ చుట్టరికం తెలియకపోతే ఇంకేముంది, ఎవరో ఇద్దరు చాటుగా కలుసుకున్నారు, అంతే. కథ మొత్తం నిలబడ్డ గుట్టు కాస్తా గాలికి పోయింది. దాంతో ఆ పైలట్‌లో చాలా భాగం మళ్లీ తీశారు, నటీనటుల్లో కొందరిని మార్చారు. 2011 ఏప్రిల్‌లో జనం చూసింది ఆ రెండోసారి తీసినది.

నవలలో ఈ చిక్కు లేదు. విందులో కూర్చున్న జాన్ స్నో జైమీని చూస్తాడు, రాణికి కవల సోదరుడని రచయిత ఒక్క వాక్యంలో చెప్పేసి ముందుకు వెళ్లిపోతాడు. చదివేవాడికి అనుమానం వస్తే పేజీ వెనక్కి తిప్పుకుంటాడు. టీవీ చూసేవాడు పక్కనున్నవాళ్లను "వీడెవడు?" అని అడుగుతాడు. వాళ్లు చెప్పేలోగా ఇంకో రెండు డైలాగులు పోతాయి.

మళ్లీ తీసినప్పుడు దాన్ని ఎలా సర్దారో ఇంకోసారి చూడు, ఈసారి పెన్ను పట్టుకుని చూడు. రాణి దిగులుగా ఉంటే జైమీ వచ్చి, నీ తోడబుట్టినవాడిగా హెచ్చరించడం నా బాధ్యత, నువ్వు మరీ ఎక్కువ బెంగపెట్టుకుంటున్నావు అన్నట్టు వేళాకోళంగా మాట్లాడతాడు. తర్వాత రాజుగారి పరివారం వింటర్‌ఫెల్ కోటలో దిగగానే ఆ ఇంటి చిన్నది ఆర్యా వచ్చి వరసలో నిలబడి, అదిగో రాణిగారి కవల సోదరుడు అని పైకే అనేస్తుంది, పక్కనున్న అక్క నోరు మూసుకోమని విసుక్కుంటుంది. రెండు ముక్కలే. ఆ రెండోది నాకు మరీ ఇష్టం. చూసేవాడికి చెల్లెలి వాగుడు, అక్క చిరాకు కనిపిస్తాయి, వాటి చాటున చుట్టరికం చెవిలో పడిపోతుంది. మొదటి ఎపిసోడ్‌లో నీ పాత్రల వరసలన్నీ ఇలాగే తెలియాలి.

ఈ విషయంలో ఇంగ్లీషువాళ్లకు లేని సుఖం నీకుంది. బావా, పిన్నీ, వదినా అని ఒక్క పిలుపు పిలిస్తే సగం వంశవృక్షం వచ్చేస్తుంది. కథ వేరే లోకంలో జరుగుతోంది కదా అని అందరూ అందరినీ పేర్లతో పిలుచుకునేలా రాయకు. కావాలంటే మీ డైరెక్టర్‌తో గొడవపడు.

ఇక రెండో సంగతి. జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ రాసిన ఆ మొదటి నవల, ప్రోలాగ్ అనే ముందుమాట లాంటి అధ్యాయం పక్కన పెడితే, ఎనిమిది మంది కళ్లతో నడుస్తుంది. రాజు రాబర్ట్, రాణి సెర్సీ ఆ ఎనిమిది మందిలో లేరు. కాబట్టి వాళ్లిద్దరే గదిలో ఉండగా ఏం మాట్లాడుకుంటారో ఆ పుస్తకంలో ఉండే వీల్లేదు. సీరియల్ మొదటి సీజన్ ఐదో ఎపిసోడ్‌లో మాత్రం ఆ సీను ఉంది. ఎలా వచ్చిందనుకున్నావు? ఎపిసోడ్లు తీసి చూసుకుంటే నిడివి చాల్లేదు, చేతిలో డబ్బూ లేదు. ఇద్దరు నటులను ఒక గదిలో కూర్చోబెట్టి తీసేయగల సీన్లు కొన్ని అప్పటికప్పుడు రాసుకున్నారు. వాటిలో ఇదొకటి. రాజు అడుగుతాడు, ఐదు పెద్దదా ఒకటి పెద్దదా అని. ఐదు అంటుందామె. ఆయన ఒక చేతి వేళ్లు ఐదూ విప్పి చూపించి, రెండో చేతిని పిడికిలి బిగించి ఇది ఒకటి అంటాడు. రాజ్యం ఎంత ముక్కలై ఉందో చెప్పడానికి మ్యాపు అక్కర్లేకపోయింది. అక్కణ్నుంచి మాట మెల్లగా తమ కాపురం మీదికి మళ్లుతుంది. మన మధ్య ఎప్పుడైనా, ఒక్క క్షణమైనా, కుదిరే అవకాశం ఉండిందా అని ఆమె అడుగుతుంది. లేదంటాడు. ఆ ఒక్క మాటతో ఆ తర్వాత ఆమె చేసే ఘోరాలన్నిటికీ ఒక మొదలు దొరికింది.

మీ నవల తీసుకుని రచయిత ఏయే గదుల్లోకి వెళ్లలేదో రాసుకో. హీరో లేనప్పుడు వాళ్లమ్మా, మేనమామా ఏం మాట్లాడుకుంటారు? నీ బలమైన సీన్లు అక్కడ దొరుకుతాయి. చవకా అవుతాయి. ప్రొడ్యూసర్ నిన్ను ప్రేమగా చూస్తాడు.

ఖర్చు మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. మార్టిన్ స్వయంగా టీవీలో పనిచేసినవాడు. రాసిందల్లా పెద్దదైపోయింది, తగ్గించు అనిపించుకుని విసిగి, బడ్జెట్ బెడద లేని నవలల్లోకి తిరిగి వెళ్లాడు. ఆ నవలలే మళ్లీ బడ్జెట్ చేతిలో పడ్డాయి. మొదటి పుస్తకంలో రాణి తమ్ముడు టిరియన్ యుద్ధంలోకి దిగి కొట్లాడతాడు. సీరియల్లో యుద్ధం మొదలవకముందే తనవాళ్ల ఆయుధమే తగిలి స్పృహ తప్పుతాడు, కళ్లు తెరిచేసరికి అంతా అయిపోయి ఉంటుంది. మనకు నవ్వొస్తుంది, వాళ్లకు డబ్బు మిగిలింది. ఆ మిగుల్చుకోవడం తెలిసినవాళ్లు గనకే రెండో సీజన్‌లో నదీముఖద్వారం దగ్గర జరిగే యుద్ధానికి గట్టిగా అడిగి అదనంగా తెచ్చుకోగలిగారు. ఆ ఎపిసోడ్ రాసింది మార్టినే. తన నవలలో ఓడల దారి మూసేసే ఇనుప గొలుసు అందులో లేదు, ఆయనే వదిలేసుకున్నాడు. నువ్వేమో ఒక్క ఎగిరే గుర్రం పోతుందని ఏడుస్తున్నావు.

అలాగని మాయలన్నీ కోసెయ్యమని కాదు. ఏది కథకు ప్రాణమో దాన్ని కొయ్యకూడదు. 'హిజ్ డార్క్ మెటీరియల్స్'లో ప్రతి మనిషి పక్కనా జంతురూపంలో వాళ్ల ఆత్మ తిరుగుతూ ఉంటుంది. రాసేవాడికి అంతకన్నా వరం ఏముంది? కథానాయిక లైరా మనసులో మాట నెరేషన్‌లో చెప్పక్కర్లేదు, తన ఆత్మతో పైకే వాదించుకుంటుంది. కానీ ఒక్కోటీ గ్రాఫిక్స్‌లో చెయ్యాల్సిందే. బీబీసీ, హెచ్‌బీఓ కలిసి తీసిన సీరియల్లో చాలా సీన్లలో మనుషుల పక్కన ఆ జంతువులు కనిపించలేదని అభిమానులు గొణిగారు. వాళ్ల గొణుగుడులో న్యాయం ఉంది. జనం ఎక్కువమంది ఉన్న సీన్లు తగ్గించి ఉంటే బాగుండేదని నా అభిప్రాయం.

ఇంకోటి, నవల లోకానికున్న నియమాలు. ఉర్సులా లెగ్విన్ 1968లో రాసిన 'ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ'లో మనిషి అసలు పేరు తెలిసినవాడికి అతని మీద అధికారం వస్తుంది. అందుకే ఆ పేరు ప్రాణంలా దాచుకుంటారు. హీరో అసలు పేరు గెడ్, లోకం పిలిచే పేరు స్పారోహాక్. 2004లో అమెరికాలో మినీ సిరీస్‌గా తీసినవాళ్లు ఆ రెండింటినీ తారుమారు చేసి, గుట్టుగా ఉండాల్సిన పేరుతోనే అందరి చేతా పిలిపించారు. నవలలో ఎరుపు కలిసిన గోధుమ రంగులో ఉండే కుర్రాడి వేషానికి తెల్లవాణ్ని తీసుకున్నారు. ఆమె ఊరుకోలేదు, తన నవలను తెల్లబరిచారని పత్రికలో ఘాటుగా రాసింది. సలహాదారు అని ఒప్పందంలో రాసుకున్నా ఆమె మాట చెల్లలేదు. మీ రచయిత ఇంకా ఉన్నారన్నావు. వెళ్లి కలువు. "ఇది మారిస్తే నవల నాది కాదు అని మీరనుకునేది ఏది?" అని అడుగు. చెప్పింది రాసుకో. మిగతాదాంతో స్వేచ్ఛగా ఉండు.

ముగింపు తెలియకుండా మొదలుపెట్టకు. మార్టిన్ ఐదో పుస్తకం 2011లో వచ్చింది, ఆరోది సీరియల్ 2019లో ముగిసినా రాలేదు. పెద్ద మలుపులు కొన్ని ఆయన చెప్పిపెట్టాడు, కానీ మలుపులు తెలియడం వేరు, అక్కడిదాకా మనిషి నడిచిన దారి తెలియడం వేరు. ఆఖరి సీజన్ మళ్లీ తీయమని పది లక్షల మందికి పైగా సంతకాలు పెట్టారు. మీ నవల పూర్తయింది గనక ఆ బాధ లేదు, అయితే ఇంకో బాధ ఉంది. 'ది వీల్ ఆఫ్ టైమ్' నవల పద్నాలుగు సంపుటాలు. సీరియల్‌గా మూడు సీజన్లు చేసి 2025లో ఆపేశారు. కాబట్టి రెండో సీజన్‌లో చూసుకుందాంలే అని ఏదీ దాచుకోకు.

1994లో దూరదర్శన్‌లో 'చంద్రకాంత' వచ్చేటప్పటికి నువ్వింకా పుట్టలేదు. దేవకీనందన్ ఖత్రీ 1888 నాటి నవల. అందులో మాయలు ఇప్పుడు చూస్తే నవ్వొస్తాయి. హిందీ ముక్క రానివాళ్లు కూడా అందులో విలన్ క్రూర్ సింగ్ కనుబొమ్మలు ఎగరేసి "యక్కూ" అనడం కోసం కూర్చునేవాళ్లు. మీ నాన్నను అడుగు, ఇప్పటికీ చేసి చూపిస్తాడు.

వన్‌లైన్ అయ్యాక ముందు నాకు పంపు, మీ క్రియేటివ్ హెడ్‌కి తర్వాత. ప్రింట్ తీయించి పంపు, ఫోన్లో చదవడం నావల్ల కాదు. రైట్స్ అగ్రిమెంట్ కాపీ కూడా అడిగి తీసుకో. మూడు భాగాలకూ తీసుకున్నారా, ఒక్కదానికేనా అన్నది చూడు. ఒక్కదానికే అయితే రెండో భాగంలో వచ్చే ఆ మంత్రగత్తెను నువ్వు ముందే తెచ్చిపెట్టడం కుదరదు, నీ ఐదో ఎపిసోడ్ మొత్తం ఆవిడ మీదే ఉందన్నావు.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న