నాతో లేని కబుర్లు వాళ్లతో ఏముంటాయి?

ప్రశ్న: మాది శ్రీకాకుళం. మావారు 62 నిండి రిటైరై ఎనిమిది నెలలైంది. ఇంట్లో పేపరు, టీవీ, మౌనం. పోయిన ఆదివారం, వెనక పలాస క్వార్టర్స్‌లో ఉన్నప్పటి ఆఫీసు వాళ్లు ఐదుగురు కలిసి సాలిహుండం, కళింగపట్నం వెళ్లారు. చీకటి పడ్డాక నవ్వుకుంటూ వచ్చారు. ఏం మాట్లాడుకున్నారంటే "ఏవో పాత కబుర్లు" అన్నారు. ఇక నెలనెలా వెళ్తారట. ముప్పై నాలుగేళ్లు వండిపెట్టిన నాతో లేని కబుర్లు వాళ్లతో ఏముంటాయి? వద్దని గట్టిగా చెప్పనా?

జవాబు: వద్దనకండమ్మా. అంటే మానేస్తారు కూడా. మానేసి అదే పేపరు పట్టుకుని కూర్చుంటారు. మీకు దక్కేది పాత మౌనమే, పైగా కాస్త అలక.

వాళ్ల కబుర్లేమిటో నేను ఊహించగలను. ఫలానా ఆఫీసరు ఫైలు విసిరిన రోజు, బ్యాలెట్ పెట్టెలతో లారీలో తిరిగిన ఎన్నికల డ్యూటీ, టెక్కలి బదిలీ ఆపించుకోడానికి పడ్డ పాట్లు, డీఏ బకాయిలు. ఒకరు సగం పేరు చెబితే మిగతా సగం ఇంకొకరు అందుకుంటారు. అదే మీకు చెప్పాలంటే ఆ మనిషెవరో, ఆ సీటేమిటో మొదట్నుంచీ విప్పాలి. విప్పేసరికి నవ్వు చల్లారిపోతుంది. ఆయన దాచారని అనుకోకండి. బద్ధకం కొంత ఉంది, కాదనను.

ఇంకోటి. సాలిహుండం స్తూపాల దగ్గరికి కొండెక్కాలి కదా. ఎక్కుతున్నంతసేపూ ఎవరి మొహం ఎవరూ చూడరు, దారి చూసుకుంటారు. పైకెళ్తే కింద వంశధార. చాలామంది మగవాళ్లను ఎదురుగా కూర్చోబెట్టి "చెప్పండి" అంటే నోరు రాదు, పక్కపక్కన నడుస్తుంటే అదే వస్తుంది. మీరు తలుపు తీస్తూనే అడిగుంటారు.

సాయంత్రం ఎండ తగ్గాక ఇద్దరూ అరసవల్లి వెళ్లండి. దూరమనిపిస్తే ఆటోలో వెళ్లి, వచ్చేటప్పుడు నడవండి. "ఏం మాట్లాడుకున్నారు" అని అడగొద్దు. "కొండ ఎక్కలేక కింద ఉండిపోయిందెవరు?" అనండి. చిన్న ప్రశ్నకే పెద్ద జవాబు వస్తుంది. రెండు మూడు నెలలకు ఆ పేర్లన్నీ మీకూ అలవాటవుతాయి. వాళ్లతో మాత్రం బయల్దేరకండి, ఆ రోజు వాళ్లది. బీపీ మాత్ర, నీళ్ల సీసా గుర్తు చేస్తే చాలు. కళింగపట్నంలో సముద్రంలోకి దిగొద్దని చెప్పండి. గట్టిగా చెప్పాల్సింది ఏదైనా ఉంటే అదొక్కటే.

మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట వేరే ఉంది: "ముప్పై నాలుగేళ్లు వండిపెట్టిన". 2022లో రిటైర్మెంటు వయసు 60 నుంచి 62కి పెంచినప్పుడు ఆయనకు రెండేళ్ల జీతం కలిసింది, మీకు రెండేళ్ల క్యారేజీలు కలిశాయి. ఆయన ఇంటికొచ్చేశారు, మీ డ్యూటీకి ఏ జీవో రాలేదు. మీరు కోప్పడుతున్నది దీనికేనని నా అనుమానం. న్యాయమైన కోపమే.

పలాస క్వార్టర్స్‌లో మీ పక్కింటావిడ, ఎదురింటావిడ ఏమయ్యారు? మీ పిల్లలకు జ్వరమొస్తే రాత్రి లేచొచ్చిన వాళ్లు, నీళ్ల దగ్గర మీతో పోట్లాడిన వాళ్లు, వాళ్లు మీ కొలీగ్సే. ఒకరి నంబరైనా ఉండకపోదు. ఆయన వెళ్లే ఆదివారమే మీరూ వాళ్లతో శ్రీకూర్మం వెళ్లండి. ముందు రోజే పప్పుచారు కాచి ఫ్రిజ్‌లో పెట్టి వెళ్లే పని పెట్టుకోవద్దు. తాళం పక్కింట్లో ఇవ్వండి. ఆయన ముందొస్తే టీ ఆయనే పెట్టుకుంటారు.