అప్పడం తలకి కళ్ళెందుకండీ?

తల బదులు ఏదో తినే వస్తువుండే మనిషిని పెట్టి, నాలుగు గీతల్లో, అర్థంపర్థం లేకుండా సాగే కామిక్స్ వేయాలంటే బొమ్మలు బాగా గీయడం రావాలా అని అడిగారు. అక్కర్లేదు. రాకపోతేనే నయం.

మాది ఒడిశాలోని బరంపురం. అప్పడాలకి పేరున్న ఊరు. ఎండాకాలం సెలవుల్లో అమ్మా పిన్నీ డాబా మీద పాత చీరలు పరిచి అప్పడాలు ఎండబెట్టేవారు. కాకుల కాపలా నాది. ఆరో తరగతిలో ఉండగా ఒకరోజు విసుగొచ్చి పిట్టగోడ మీద బొగ్గుతో ఓ మనిషిని వేశాను. ఒంటికి ఐదు గీతలు. తలకి ఓ సున్నా, అందులో నాలుగు జీలకర్ర చుక్కలు. కళ్ళు లేవు, నోరు లేదు. మొదటి గడిలో ఎండలో నిలబడ్డాడు. రెండో గడిలో మబ్బొచ్చింది. మూడో గడిలో ఒకే ఒక్క చినుకు. నాలుగో గడిలో తల మెత్తబడి తడిగుడ్డలా భుజాల మీదికి వాలిపోయింది. అంతే కథ.

పక్క డాబా మీద బట్టలు తీస్తున్న ఒడియా మావుసి అది చూసి పడీపడీ నవ్వింది. "పాంపడ ముండ! పాంపడ ముండ!" అని ఒకటే కేకలు. ఒడియాలో పాంపడ అంటే అప్పడం, ముండ అంటే తల. ముందురోజే రాజమండ్రి నుంచి దిగిన మా పెద్దమ్మకి ఆ రెండో మాటే వినపడింది. "ఎవర్నే, ఆ మాటంటున్నావు?" అని కొంగు బిగించి పిట్టగోడ దగ్గరికి వెళ్ళింది. అర్థమయ్యేలా చెబుదామని మావుసి తన తల చూపించి "ముండ" అంది. తర్వాత పెద్దమ్మ తల చూపించి మళ్ళీ "ముండ" అంది.

ఇంకేముంది! అమ్మ పరుగెత్తుకొచ్చి మధ్యలో దూరింది. బొమ్మ చూసి అంతకుముందే పెద్దమ్మ కూడా నవ్వింది, గుర్తుంచుకోండి. గొడవంతా మాటతో వచ్చింది. అందుకే నా కామిక్స్‌లో ఇప్పటికీ మాటలుండవు.

తల బదులు తిండి పెట్టడం ఈమధ్య ఇంటర్నెట్‌లో పుట్టిన పిచ్చి అనుకుంటారు చాలామంది. 16వ శతాబ్దంలోనే ఆర్చింబోల్దో అనే ఇటలీ చిత్రకారుడు రుడాల్ఫ్ చక్రవర్తి ముఖాన్ని పళ్ళతో, కూరగాయలతో వేశాడు. కాకపోతే అది నిండు విస్తరి, మనం వేసేది ఉత్త అప్పడం. జపాన్‌లో తకాషి యానసే 1973లో పిల్లల బొమ్మల పుస్తకంలోకి తెచ్చిన బన్ను తల వీరుడైతే ఆకలేసినవాళ్ళకి తన తలే తినమని పెడతాడు. తల తినేయడమంటే ఇదీ!

మీరు వేసేటట్టయితే ఇడ్లీ తల మాత్రం పెట్టకండి. మెత్తగా కూర్చోవడం తప్ప దానికేమీ జరగదు. లడ్డూ మహా అయితే చిదుగుతుంది. అప్పడం చూడండి: పచ్చిగా ఉంటే బల్లపరుపు, నూనెలో పడితే పొంగు, తడిస్తే వేలాడు, కోపమొస్తే పటుక్కున విరుగు. మొహంలో పలికించాల్సినవన్నీ ఆ సున్నాలోనే ఉన్నాయి. దానికి కళ్ళు పెట్టారంటే అది మామూలు మనిషి బొమ్మయిపోతుంది. ఓ పత్రికవాళ్ళకి ఇలాంటివి పంపితే "ఇందులో సందేశం ఏమిటి సార్?" అని అడిగారు. అప్పడంలో ఉప్పు చూస్తారు గానీ సందేశం చూస్తారా ఎవరైనా?

ఇంతకీ ఆ రోజు గొడవలో పడి ఆకాశం ఎవరూ చూడలేదు. మా వైపు వేసవి సాయంత్రాల్లో ఉన్నట్టుండి వచ్చిపడే గాలివాన, కాలబైశాఖి, దబదబా కొట్టేసింది. రెండు కిలోల మినప్పిండి అప్పడాలు చీరకి అతుక్కుని ముద్దయిపోయాయి. వీపు విమానం మోగింది నాకే. పెద్దమ్మయితే ఆ చినుకు నేను గీయబట్టే వాన వచ్చిందని తేల్చేసింది. ఇప్పటికీ వడియాలు పెట్టేముందు నాకు ఫోన్ చేసి, "ఏమీ గీయడం లేదు కదరా?" అని కనుక్కుంటుంది.