రోటా చుక్కలు వేయించినా విరేచనాలా?

"మూడు డోసులూ వేయించాం, అయినా ఎనిమిది నెలల బాబుకి విరేచనాలు. టీకా దండగేనా?" అని అడిగారు కదా. కాదండీ. విరేచనాలకు రోటావైరస్ ఒక్కటే కారణం కాదు, మిగతా క్రిములను ఈ చుక్కలు ఆపలేవు. మన హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలోని భారత్ బయోటెక్ వారి రోటా టీకా రోటావాక్‌నే ఉదాహరణగా చూడండి. ఢిల్లీ ఎయిమ్స్‌లో పసికందుల్లో దొరికిన 116ఈ రకం వైరస్ నుంచి వచ్చిందది (సోకినా ఆ పిల్లలకు విరేచనాలు కాలేదట, అదీ విచిత్రం!). 6,799 మంది పిల్లలతో చేసిన మూడో దశ ట్రయల్‌లో, మొదటి ఏడాది తీవ్రమైన రోటా విరేచనాలను సుమారు 56 శాతం తగ్గించింది. వందకు వంద కాదు, నిజమే. కానీ సెలైన్ దాకా వెళ్లే కేసులు తగ్గడం చిన్న విషయమా?

ఇప్పుడైతే ఓఆర్‌ఎస్ కొంచెం కొంచెంగా పట్టండి, తల్లిపాలు మాన్పించొద్దు. డాక్టర్ జింక్ రాస్తే, విరేచనాలు తగ్గినా 14 రోజులూ వేయాలి. చాలామంది మధ్యలోనే ఆపేస్తారు. బాబు మగతగా ఉన్నా, మూత్రం తగ్గినా, రక్తం పడినా బస్తీ దవాఖానా కోసం చూడకుండా నేరుగా నిలోఫర్ పిల్లల ఆసుపత్రికి తీసుకెళ్లండి.