బొమ్మను కాపీ కొడితే ఏమనాలి?

సందేహం: ఒక చిత్రకారుడు మరొకరి బొమ్మను గీత గీతకూ దించి, తన సంతకంతో ప్రదర్శనకు పెట్టాడు. దాని గురించి రాస్తూ ‘గ్రంథచౌర్యం’ అన్నాను. ‘బొమ్మలో గ్రంథం ఎక్కడుందండీ?’ అని ఒక మిత్రుడు నవ్వాడు. పోనీ ‘అనుకరణ’ అంటే సరిపోతుందా?

సమాధానం: మీ మిత్రుడి నవ్వులో న్యాయం ఉంది. గ్రంథచౌర్యం రాతకే చెల్లుతుంది. అలాగని ‘అనుకరణ’ దాని చోట కూర్చోదు, ఆ మాటలో నింద లేదు. మిమిక్రీని ధ్వన్యనుకరణ అంటాం. ఆ కళాకారుణ్ణి గొంతుల దొంగ అని ఎవరూ అనరు. బొమ్మలు నేర్చుకునేవాళ్లకైతే అనుకరణ చదువులో భాగం. డచ్చి చిత్రకారుడు వాన్ గో 1887లో జపాన్ చిత్రకారుడు హిరోషిగే ముద్రాచిత్రాలను చూసి తైలవర్ణాల్లో వేశాడు. తర్వాత ఫ్రెంచి చిత్రకారుడు మిలే బొమ్మలనూ అలాగే వేశాడు. మూలం ఎవరిదో దాచలేదు. ఒకరి శైలిని మాత్రం తీసుకుని బొమ్మను సొంతంగా కూర్చుకుంటే ‘అనుసరణ’ అనడం నాకిష్టం. పత్రికలవాళ్లు ఈ రెండింటినీ కలిపేస్తుంటారు, అది వేరే సంగతి.

‘చిత్రచౌర్యం’ అందామంటే ఇంకో చిక్కు. 1911లో పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియం నుంచి మోనాలిసాను ఎత్తుకుపోయారే, అదీ చిత్రచౌర్యం. మీరు చెప్పిన చోట అసలు బొమ్మ ఎక్కడికీ పోలేదు. ‘భావచౌర్యం’ కొంత నయమే గానీ, గీతలతో సహా దించినవాడికి అది చిన్న నేరం అంటగట్టినట్టు అవుతుంది. నా ఓటు ‘రచనాచౌర్యం’కి. రచన అంటే కూర్పు కూడా కదా. చిత్రరచన అనే మాట మనకు అలవాటైనదే.

దీన్ని నకిలీతో కలపకండి. హాన్ వాన్ మీగెరెన్ అనే డచ్చి చిత్రకారుడు తాను వేసిన బొమ్మలను పాతకాలపు మహాచిత్రకారుడు వెర్మీర్‌వని అమ్మి, 1947లో శిక్షకు గురయ్యాడు. రచనాచోరుడు పరాయి పనికి తన పేరు పెట్టుకుంటాడు, ఇతను తన పనికి పరాయి పేరు తగిలించాడు. అది ఫోర్జరీ.

కవుల మధ్య పోలికలను సంస్కృత ఆలంకారికుడు ఆనందవర్ధనుడు తన కావ్యశాస్త్ర గ్రంథం ధ్వన్యాలోకంలో మూడుగా విడదీశాడు: అద్దంలో నీడలాంటిది, మనిషిని చూసి గీసిన బొమ్మలాంటిది, ఒకే పోలికున్న ఇద్దరు మనుషులలాంటిది. మొదటి రెండూ కూడదన్నాడు, మూడోదాన్ని ఒప్పుకున్నాడు. చిత్రకారులకూ ఈ విభజన చక్కగా సరిపోతుంది. మీ చిత్రకారుడిది మొదటి రకం.

విషయం తేలకముందే రాయాల్సి వస్తే మాత్రం ‘చౌర్యం’ వాడకండి, ‘పోలికలు కనిపిస్తున్నాయి’ అనండి. తేలాక మామూలు మాటల్లో ‘కాపీ కొట్టాడు’ అన్నా తప్పులేదు, అందరికీ అర్థమవుతుంది.