దుమ్మే అనుకొని తుడిచేయకండి

ప్రశ్న: మాది విజయవాడ సత్యనారాయణపురం. మావారికి నలభై ఏళ్లు, పాపకు నాలుగు. రాత్రి పది దాటాక ఆయన అన్నం బల్ల దగ్గర లైటు పెట్టుకొని, వేలెడంత కూడా లేని రాక్షసులకు, డ్రాగన్లకు రంగులు వేస్తుంటారు. ఇంగ్లండ్ నుంచి పాత సీసం బొమ్మల్ని ఆఫీసు అడ్రస్‌కు తెప్పించుకుంటున్నారని మొన్న బిల్లు దొరికాకే తెలిసింది. పదకొండు వేలు! అత్తగారేమో ‘తాగుడు కాదు, పేకాట కాదు, పోనిద్దూ’ అంటారు. చెక్క బీరువాలో ఆయన దాచిన అట్టపెట్టె తీస్తే, బొమ్మల మీద తెల్లటి దుమ్ము. కొంగుతో తుడిచి పెట్టేశాను. ఏడుపొస్తోంది. ఏం చేయను?

జవాబు: అమ్మా, డబ్బు సంగతి కాసేపు ఆపుదాం. ముందు ఆ చీరను విడిగా ఉతకండి. మీరు చూసింది దుమ్ము కాకపోవచ్చు. సీసం బొమ్మల్ని చెక్క బీరువాలోనో అట్టపెట్టెలోనో ఏళ్ల తరబడి మూసి ఉంచితే, ఆ చెక్క, అట్టల నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరికి సీసం తెల్లగా పూసి, పొడిగా రాలుతుంది. ఆ పొడి పిల్లల నోట్లోకి వెళ్తే విషమే. రక్తంలో ఇంత సీసం ఉన్నా ఫర్వాలేదు అనే హద్దు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రంగు, వార్నిష్ వేసి అద్దాల అరలో పెట్టిన బొమ్మతో అంత భయం లేదు. ఆకురాయితో అరగదీసేటప్పుడు రాలే పొడి, కుంచె కొనను నోటితో తడపడం, అన్నం తినే బల్ల మీదే పని చేయడం, ఇవీ ప్రమాదం. ఈ మూడూ ఇవాళే ఆగాలి. ఈ విషయంలో మొహమాటపడకండి.

ఇక ఆయన సరదా. దీన్ని చిన్నపిల్లల ఆట అని తీసిపారేయకండి. 1974లో అమెరికాలో డన్జన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఊహాలోకపు సాహసాల ఆట వచ్చాక, ఇలాంటి బొమ్మల్ని పోతపోసే కంపెనీలు పుట్టుకొచ్చాయి. అమెరికాలో రాల్ పార్థా, ఇంగ్లండ్‌లో సిటడెల్ అలాంటివే. సిటడెల్ 1997లో సీసం మానేసింది. అంతకుముందు పోసిన బొమ్మల్ని ఇష్టపడేవాళ్లు వాటిని వెతికి వెతికి కొంటారు. అంగుళం బొమ్మకు కనుబొమ్మ దిద్దాలంటే ఊపిరి బిగబట్టాలి. మన కొండపల్లిలో పొణికి బొమ్మకు కళ్లు దిద్దేవాళ్లను చూసి ఉంటే, ఆ ఓపిక ఎంతటిదో మీకు తెలిసే ఉంటుంది.

మిమ్మల్ని ఏడిపిస్తున్నది పదకొండు వేలు కాదని నాకనిపిస్తోంది. ఆ ఆఫీసు అడ్రస్. మీరు నవ్వుతారనో, గొడవవుతుందనో ఆయన భయపడి ఉండొచ్చు. అయినా ఇంటి డబ్బు మీకు తెలియకుండా ఖర్చు చేయడం తప్పే. తాగుడుతో పోల్చి సర్దుకుపొమ్మనడం కూడా నాకు నచ్చలేదు.

అత్తగారు లేనప్పుడు, పాప పడుకున్నాక, ఆయన పక్కన కూర్చోండి. బిల్లు బయటికి తీయకముందు, ‘వీటిలో మీరు మొదట కొన్నది ఏది?’ అని అడగండి. చెప్పనివ్వండి. ఆ తర్వాత, ‘నాకు తెలియకుండా తెప్పించినందుకు బాధపడ్డాను’ అని సూటిగా చెప్పండి. నెలకు ఎంతో ఇద్దరూ అనుకోండి. కస్టమ్స్ సుంకం కూడా ఆ లెక్కలోనే. ఇకపై పార్శిళ్లు ఇంటికే రావాలి. పాప కూడా రంగులు వేస్తానంటే ప్లాస్టిక్ బొమ్మలు, నీళ్ల రంగులు ఇవ్వండి. సీసంవి మాత్రం ముట్టుకోనివ్వకండి.

ఈ వారమే పాపను పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి, ఉన్నది ఉన్నట్టు చెప్పి, రక్తంలో సీసం పరీక్ష గురించి అడగండి. ఆయన్నీ వెంట రమ్మనండి.